సైట్ మీద నుంచే బిల్లు: బుక్కు ఫొటోనా, యాప్‌నా, రాత్రి ఇంటికెళ్లాకనా?

స్విచ్చులన్నీ వేసి చూపించాం, లైట్లు వెలిగాయి. ఇంటాయన ఒకసారి గదులన్నీ తిరిగి వచ్చి "బాగుంది, బిల్లు పంపించండి" అన్నాడు. బిల్లు పంపడానికి ఇంతకంటే మంచి సమయం దొరకదు. వేసిన ప్రతి పాయింటూ ఆయన కళ్ల ముందే ఉంది. అదే నాలుగు రోజులు ఆగి పంపితే "ఈ రెండో బోర్డు ఎందుకు వేశారు?" అన్న ప్రశ్న వస్తుంది. మనకూ వెంటనే గుర్తు రాదు.

నేను వైరింగ్ పనులు చేస్తాను. మూడు పద్ధతులూ వాడి చూశాను.

మొదటిది పాత పద్ధతి. కార్బన్ బిల్లు బుక్కులో రాసి, ఫొటో తీసి వాట్సాప్‌లో పెట్టడం. దీన్ని తీసిపారేయడానికి లేదు. ఛార్జింగ్ లేకపోయినా రాసుకోవచ్చు, నంబరు ముందే అచ్చయి ఉంటుంది, రెండో కాపీ మన దగ్గరే ఉండిపోతుంది. చిక్కల్లా ఫొటో దగ్గరే. పేజీ మీద మన నీడే పడుతుంది, అంచులు వంకర పోతాయి, పైగా మామూలు ఫొటోగా పంపితే వాట్సాప్ దాని సైజు తగ్గించేస్తుంది. నా రాతలో 7 అంకె అవతలివాళ్లకు 1లా కనబడి ఒకసారి తక్కువ డబ్బు వచ్చింది. బుక్కే వాడేవాళ్లు కెమెరాతో తీయకుండా స్కాన్ చేయండి. ఆండ్రాయిడ్‌లో గూగుల్ డ్రైవ్‌తో, ఐఫోన్‌లో నోట్స్‌తో స్కాన్ చేయవచ్చు. పేజీని సరిచేసి పీడీఎఫ్ చేసి ఇస్తాయి. దాన్ని డాక్యుమెంట్‌గా పంపితే ఉన్నది ఉన్నట్టు వెళ్తుంది. కూడికల్లో తప్పుల పూచీ మాత్రం మనదే.

మొత్తం ఎంతో ఒక్క ముక్క మెసేజ్ కొట్టి ఊరుకునేవాళ్లూ ఉన్నారు. అది బిల్లు కాదు, కబురు. అదీ ఎస్ఎంఎస్ అయితే తెలుగులో ఒక్కో మెసేజ్‌కి 70 అక్షరస్థానాలే, గుణింతాల గుర్తులు కూడా అందులో లెక్కే. వివరాలు ఎక్కడ పడతాయి?

రాత్రి ఇంటికెళ్లి తీరిగ్గా చేసే బిల్లు లెక్కకు గట్టిది. మెటీరియల్ రసీదులన్నీ ముందు పరుచుకుని ఒక్కొక్కటీ సరిచూసుకోవచ్చు. కానీ ఆ "తీరిక" దొరకదు. స్నానం, భోజనం, నిద్ర. మూడో రోజు కూర్చుంటే రెండు ఫ్యాన్ రెగ్యులేటర్లు రాయడం మర్చిపోయాను. మళ్లీ అడిగితే బాగుండదని ఆ డబ్బు వదిలేశాను. ఇంకొక సంగతి: కంప్యూటర్‌లో వర్డ్‌లో చేసిన బిల్లును అలాగే పంపకండి. మనం వాడిన ఫాంట్ వాళ్ల ఫోన్‌లో లేకపోతే గళ్లు చెదిరిపోయి, రేటు ఒక వరుసలో, వస్తువు ఇంకో వరుసలో కనబడవచ్చు. 1993లో అడోబ్ పీడీఎఫ్‌ను తెచ్చింది ఈ తిప్పలు తప్పించడానికే. ఫాంట్లను ఫైల్‌లోనే పెట్టి పంపవచ్చు కాబట్టి ఎక్కడ తెరిచినా ఒకేలా ఉంటుంది.

ఇక యాప్. మొదట్లో ఒక పూట కూర్చుని మనం మామూలుగా చేసే పనులు, వాటి రేట్లు, బ్యాంకు ఖాతా వివరాలు ఎక్కించాలి. ఆ తర్వాత సైట్‌లో చేయాల్సింది వస్తువు ఎంచుకోవడం, ఎన్నో కొట్టడం. కూడిక, నంబరు, పీడీఎఫ్ అదే చూసుకుంటుంది. పది అంశాల బిల్లు నాకు ఐదు నిమిషాల్లో అయిపోతుంది. చెమట పట్టిన వేళ్లతో స్క్రీన్ మొరాయించేటప్పుడు మాత్రం పది.

కానీ యాప్ కొనేముందు ఒక పరీక్ష పెట్టండి. ఫోన్‌ను ఏరోప్లేన్ మోడ్‌లో ఉంచి ఒక ఉత్తుత్తి బిల్లు చేయండి. కొన్ని దాచుకుని సిగ్నల్ వచ్చాక పంపుతాయి, కొన్ని చక్రం తిప్పుతూ కూర్చుంటాయి. సెల్లార్‌లో పని చేసేవాళ్లకు రెండో రకం దండగ. ఇద్దరు మనుషులు రెండు ఫోన్ల నుంచి బిల్లులు చేస్తుంటే ఇంకో తలనొప్పి ఉంది: నెట్ లేనప్పుడు ఇద్దరికీ ఒకే నంబరు పడే ప్రమాదం. మేం ఒకరి నంబర్లకు ముందు 'ఏ', ఇంకొకరికి 'బి' పెట్టుకున్నాం. అలాగే పాత బిల్లులన్నీ బయటికి తీసుకునే వీలు లేని యాప్ ఎంత అందంగా ఉన్నా వద్దు.

తప్పు దొర్లితే? వాట్సాప్‌లో మెసేజ్‌ని 15 నిమిషాల్లోపు దిద్దవచ్చు గానీ, పంపిన పీడీఎఫ్ లోపలి అంకెల్ని దిద్దలేం. అదే నంబరుతో చడీచప్పుడు లేకుండా ఇంకో ఫైల్ పంపితే వాళ్ల దగ్గర రెండు లెక్కలు మిగులుతాయి. పాతది రద్దు అని రాసి, కొత్త నంబరుతో పంపడమే శుభ్రం.

నా ఓటు యాప్‌కే, ఒక్క రోజులో తేలే పనులకైతే. వారాల తరబడి సాగే పెద్ద పనికి అంత తొందర పనికిరాదు. సైట్‌లో క్లయింట్‌తో కలిసి పాయింట్లు లెక్కపెట్టి, ఆ కాగితం మీద సంతకం తీసుకుని, ఆ రాత్రికే బిల్లు చేయడం మేలు. బిల్లు బుక్కు మాత్రం ఇప్పటికీ నా సంచిలో ఉంది, ఫోన్ చచ్చిన రోజు కోసం.

పంపాక కూడా వెంటనే కదలను. "ఒకసారి తెరిచి చూడండి సార్" అంటాను. ఆయన ఫోన్‌లో ఫైల్ తెరుచుకుని, మొత్తం చూసి "సరే" అన్నాకే నిచ్చెన మడుస్తాను.