డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్: సరిహద్దులు గీసే పని ఎవరిదో తెలిపే సాధనం

అమెరికాలోని నియోజకవర్గాల సరిహద్దులను ఎవరైనా గీసి చూసుకునే వీలున్న ‘డేవ్స్ రీడిస్ట్రిక్టింగ్’ అనే ఉచిత ఆన్‌లైన్ సేవను అమలాపురంలో కూర్చుని, మిషిగన్ రాష్ట్రాన్ని ఎంచుకుని పరిశీలించాను. పటంలో ఒక పోలింగ్ పరిధిని నొక్కగానే దాని రంగు మారుతుంది. పక్కనున్న పట్టికలో ఒక నియోజకవర్గం జనాభా పెరిగి, మరొకదానిది తగ్గుతుంది. గీసిన పటానికి దామాషా (ఓట్లకు తగిన సీట్లు), పోటీ, మైనారిటీల ప్రాతినిధ్యం, ఆకారపు పొందిక, కౌంటీల (మన జిల్లాల వంటివి) విభజన అనే ఐదు అంశాలలో మార్కులు పడతాయి. డెట్రాయిట్ వంటి నగరంలో ఒకే పార్టీ ఓటర్లు గుమిగూడి ఉంటారు కనుక, ఆకారం ముచ్చటగా కుదిరిన కొద్దీ దామాషా మార్కులు జారిపోవచ్చు. ఈ సేవలో నాకు అన్నిటికంటే విలువైనదిగా తోచింది ఇదే.

మిషిగన్ ఓటర్లు 2018లో సరిహద్దులు గీసే పనిని శాసనసభ నుంచి తప్పించి, 13 మంది పౌరుల స్వతంత్ర సంఘానికి అప్పగించారు. ప్రధాన పార్టీలు రెండింటి నుంచి నలుగురేసి, ఏ పార్టీకీ చెందనివారు ఐదుగురు ఉండే ఆ సంఘానికి పదవిలో ఉన్న నాయకులు అనర్హులు. పౌరులు గీసినంత మాత్రాన గీత తప్పదని కాదు; డెట్రాయిట్ ప్రాంతంలోని 13 శాసనసభా స్థానాల సరిహద్దులను 2023లో ఫెడరల్ కోర్టు కొట్టివేసింది.

మన దగ్గర జస్టిస్ కుల్దీప్ సింగ్ కమిషన్ చేసిన నియోజకవర్గాల పునర్విభజనతో కోనసీమలో ‘నగరం’ అనే నియోజకవర్గం పోయి, పి.గన్నవరం వచ్చింది. ముసాయిదాపై అభ్యంతరాలు చెప్పుకునే అవకాశం జనానికి ఇచ్చినా, ఓటు హక్కు లేని అనుబంధ సభ్యులుగానైనా లోపల కూర్చున్నది ఎంపీలు, ఎమ్మెల్యేలే. మరి తమ సీటు హద్దుల విషయంలో వారు తటస్థంగా ఉంటారని ఎవరు నమ్ముతారు?

మార్కులకు అందని సంగతీ ఒకటుంది. గోదావరి వశిష్ఠ పాయను హద్దుగా పెడితే పటం చక్కగానే ఉంటుంది. కాని పంటు ఎక్కి నరసాపురం బజారుకు వెళ్లే సఖినేటిపల్లివాసికి ఆ రెండు ఒడ్లూ ఒకటే లోకం. ఇటువంటి అనుబంధాలకు మిషిగన్ నిబంధనలు కౌంటీ సరిహద్దులకంటే పై స్థానం ఇచ్చాయి. వాటిని తెలుసుకోవడానికి బహిరంగ విచారణ తప్ప దారి లేదు.

పెద్ద తెర ఉన్న కంప్యూటరుపై, తీరికగా వాడదగిన సేవ ఇది. మన మండలాలు, గ్రామాల జనాభాతో తెలుగులో ఇటువంటిది వచ్చే వరకు ఐదింట నాలుగు మార్కులు ఇస్తాను.