పీహెచ్‌పీ అసోసియేటివ్ అర్రే: వాడితే సుఖమే, కానీ కీల మీద ఓ కన్నేసి ఉంచండి

వెబ్‌సైట్లు రాసే పీహెచ్‌పీ భాషలో లిస్టుకొకటి (వరుసగా పేర్చేవి), మ్యాప్‌కొకటి (పేరు పెట్టి దాచేవి) అని విడిగా ఉండవు, అన్నిటికీ ఒకటే అర్రే. చిన్న పనులకి ఇంత హాయైనది ఇంకోటి లేదు. పేరు, వయసు, ఫోన్ అని కీలు (గుర్తింపు పేర్లు) పెట్టి వాల్యూలు (వాటి విలువలు) పడేస్తే చాలు, అదే అసోసియేటివ్ అర్రే, క్లాసులు (డేటాకి ముందే గీసుకునే నమూనాలు) రాయక్కర్లేదు, పైగా ఏ వరుసలో పెట్టామో ఫోరీచ్ (ఒక్కోదాన్నీ తీసే లూప్) తిప్పినప్పుడు అదే వరుసలో బయటికొస్తాయి. ఈ ఒక్కదానికే సగం మార్కులు ఇచ్చేస్తాను.

గొడవంతా కీల దగ్గర. కీ ఇంటీజర్ (పూర్ణాంకం) గానీ స్ట్రింగ్ (అక్షరాల వరుస) గానీ అయ్యుండాలి, సరే. కానీ కోట్స్‌లో "8" అని ఇచ్చినా అది చెప్పాపెట్టకుండా ఇంటీజర్ 8 అయిపోతుంది, "08" అంటే మాత్రం స్ట్రింగ్‌గానే ఉండిపోతుంది, ట్రూ ఇస్తే 1 అవుతుంది. ఆ ఏముందిలే అనిపిస్తుంది, కస్టమర్ ఐడీలు కీలుగా ఉన్న రెండు అర్రేలని అర్రే_మెర్జ్‌తో కలిపేదాకా! నంబర్ కీలన్నీ మళ్ళీ 0 నుంచి మొదలు, ఐడీలు గల్లంతు, ఎర్రర్ కూడా రాదు. ప్లస్‌తో కలిపితే ఐడీలు దక్కుతాయి గానీ ఒకే కీ రెండు వైపులా ఉంటే ఎడమదే నిలుస్తుంది. కొత్త వాల్యూ నిలవాలంటే అర్రే_రీప్లేస్ వాడాలి. ఒక్క పనికి మూడు దారులు, మూడూ మూడు రకాలు.

జేసన్ (ప్రోగ్రాముల మధ్య డేటా పంపుకునే టెక్స్ట్ రూపం) సంగతి ఇంకా చిరాకు. మామూలు లిస్టుని అర్రే_ఫిల్టర్ చేస్తే (అక్కర్లేనివి తీసేస్తే) పాత కీలు అలాగే ఉంటాయి కాబట్టి మధ్యలో ఒకటి ఎగిరిపోయిందంటే జేసన్‌లో లిస్టు బదులు ఆబ్జెక్ట్ వెళ్తుంది, అవతల జావాస్క్రిప్ట్ రాసేవాళ్ళు మన మీద పడతారు. కీలని మళ్ళీ 0 నుంచి వరుసగా పెట్టే అర్రే_వాల్యూస్ ఒక్కటి తగిలిస్తే సరిపోతుంది, పీహెచ్‌పీ 8.1 నుంచి అర్రే_ఈజ్_లిస్ట్‌తో ముందే చూసుకోవచ్చు కూడా.

వాల్యూ నల్ (ఏమీ లేదని అర్థం) అయితే, ఉందా లేదా చూసే ఇజ్‌సెట్ "లేదు" అంటుంది, కీ ఉందా లేదా అన్నదే కావాలంటే అర్రే_కీ_ఎగ్జిస్ట్స్ అడగండి. లేని కీని చదివితే 8.0 నుంచి నోటీసు కాదు, వార్నింగే వస్తుంది, మంచి మార్పు.

వేగం గురించి ఫిర్యాదేం లేదు, 2015లో వచ్చిన 7.0లో లోపలి హ్యాష్ టేబుల్‌ని (కీతో వాల్యూని వెతికిపెట్టే ఏర్పాటుని) తిరగరాశాక మెమరీ కూడా బాగా తగ్గింది.

5కి 3.5. సెట్టింగులకి, ఫారం డేటాకి కళ్ళు మూసుకుని వాడేయండి. పది ఫైళ్ళు దాటి తిరిగే డేటాకి మాత్రం ఓ చిన్న క్లాసు రాసుకోండి, ఏ కీ ఉంటుందో ఏది ఉండదో అన్న టెన్షన్ తప్పుతుంది.