బ్రూనో మెడ స్కాన్ కోసం చెన్నైలో మూడు రాత్రులు

విజయవాడ నుంచి చెన్నైకి రోడ్డు మీద దాదాపు 450 కిలోమీటర్లు. రైల్లో వెళ్దామంటే ఫస్ట్ ఏసీలో కూపే మొత్తం మనమే తీసుకోవాలి, లేదంటే కుక్కని గార్డు పెట్టెలో వెయ్యాలి. సరిగా నిలబడలేని 32 కిలోల లాబ్రడార్‌ని ఆ పెట్టెలోకి ఎక్కించడానికి మాకు మనసొప్పలేదు. కారు వెనక సీటు మీద ప్లైవుడ్ చెక్క, దాని మీద బొంత, బ్రూనో తల మా ఆవిడ ఒళ్లో. తెల్లవారుజామున నాలుగింటికి బయలుదేరాం.

ముందే స్కాన్ చేసే రెండు ఆస్పత్రులకి ఫోన్ చేశాను. ఒకచోట "రిస్కేం లేదు సార్, పొద్దున తెస్తే సాయంత్రం తీసుకెళ్లిపోవచ్చు" అన్నారు. రేటూ తక్కువే. రెండో చోట డాక్టరమ్మ ఎదురు ప్రశ్నలు వేశారు: వయసెంత, బరువెంత, ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా, రక్తపరీక్షలు అయ్యాయా? అడిగేవాళ్ల దగ్గరికే వెళ్దామనుకున్నాం.

ఎంఆర్ఐ అయితే వెన్నులోకి సూది అక్కర్లేదు. కానీ స్లాట్ ఐదు రోజులకి గానీ లేదు, వీడేమో రోజురోజుకీ కుంగిపోతున్నాడు. అందుకని ముందు మామూలు సీటీ, అందులో తేలకపోతే వెన్నులోకి రంగు మందు ఎక్కించి మళ్లీ సీటీ అన్నారు. దేనికైనా పూర్తి మత్తు తప్పదు. డాక్టరమ్మ కాగితం మీద వెన్నుపాము బొమ్మ గీసి చూపించారు. సూది పుర్రె వెనక నుంచి గుచ్చితే మెదడు మొదలుకో వెన్నుపాముకో పెద్ద దెబ్బ తగిలే భయం ఎక్కువ, ఫిట్స్ కూడా ఎక్కువ, అందుకని నడుం దగ్గరే ఇస్తామన్నారు. పెద్ద కుక్కల్లో ఫిట్స్ మరీ ఎక్కువట. నడక రెండు మూడు రోజులు ఇంకా దిగజారొచ్చట. వింటుంటే నాకు చెమటలు పట్టాయి. సంతకం మాత్రం తెలిసే పెట్టాను.

మామూలు సీటీలో తేలలేదు. రంగు మందు ఎక్కించాల్సి వచ్చింది. మత్తు దిగుతుంటే తల ఎత్తులో ఉండేలా మడిచిన దుప్పట్లు పెట్టారు, రంగు మందు మెదడు వైపు పాకకుండా. అయినా రెండు గంటలకి ముందు పెదవి అదిరింది, తర్వాత కాళ్లు ఈత కొడుతున్నట్టు కొట్టుకున్నాయి. ఫిట్స్ ఆపే మందు నింపిన సిరంజి ట్రేలో సిద్ధంగానే ఉంది. నిమిషంలో సద్దుమణిగింది. ఆ నిమిషం ఎంత పొడుగో మాత్రం నన్నడక్కండి. సాయంత్రానికే పంపించేసే చోటైతే ఈ ఫిట్స్ ఇంటిదారిలో తడ దాటాక కారులో వచ్చేది.

ఇక బస. పెరియమెట్‌లో ఒక లాడ్జి ఫోన్‌లో కుక్కలకి ఓకే అని, తీరా వెళ్తే "షెడ్డులో కట్టెయ్యండి" అంది. కీల్పాక్‌లో గ్రౌండ్ ఫ్లోర్ గది దొరికింది, రోజుకి 2,500, కుక్కకి ఇంకో 500. నేల టైల్స్ నున్నగా ఉండి వాడి కాళ్లు జారిపోతుంటే యజమాని పాత గోనెపట్టాలు తెచ్చి పరిచాడు. స్నానాలగదిలో నీళ్లు సన్నగా వస్తాయి, అది తప్ప వంక లేదు. మొదటి రాత్రి నేను ఆస్పత్రి బెంచీ మీదే ఉన్నాను. దోమలు పీక్కుతిన్నాయి.

మర్నాడు బ్రూనో అసలు లేవనేలేదు. మూడో రోజు గోనెపట్టా మీద నాలుగడుగులు వేశాడు. స్కాన్‌లో మెడలో డిస్క్ (వెన్నుపూసల మధ్య మెత్త) వెన్నుపాముని నొక్కుతున్న చోటు స్పష్టంగా కనిపించింది, ఆపరేషన్‌కి మళ్లీ వెళ్లాలి. గది అదే చెప్పి ఉంచాను, ఈసారి వారం రోజులకి. దోమల చక్రాలు కూడా పట్టుకెళ్లాలి.