సియాల్దా లొరెటో డే స్కూల్: నడిపించినవారిని బట్టి ఒక సమీక్ష

ఉద్యోగరీత్యా కోల్‌కతా చేరిన తెలుగు కుటుంబాలు ఆడపిల్లల చదువు గురించి ఆరా తీస్తే లొరెటో పేరు తప్పక వినిపిస్తుంది. ఆ పేరుతో నగరంలో చాలా బడులున్నాయి. వాటిలో సియాల్దా రైల్వే స్టేషన్‌కు చేరువలో ఉన్న డే స్కూల్‌ను పరీక్షా ఫలితాలు చూసి అంచనా వేస్తే సగమే తెలుస్తుంది. మిగతా సగం తెలియాలంటే దాన్ని నడిపించిన సిస్టర్లు ఏ నిర్ణయాలు తీసుకున్నారో చూడాలి.

లొరెటో సిస్టర్లు అనే కాథలిక్ సన్యాసినుల సంఘానికి మూలం ఇంగ్లండుకు చెందిన మేరీ వార్డ్ 1609లో ప్రారంభించిన సంస్థ. సన్యాసినులు మఠం గోడల మధ్యే ఉండాలన్న కట్టుబాటును ఆమె అంగీకరించనందుకు 1631లో ఎనిమిదో అర్బన్ పోపు ఆ సంస్థను రద్దు చేయగా, ఆమెకు కొంతకాలం నిర్బంధం కూడా తప్పలేదు. ఆమెను స్థాపకురాలిగా రోమ్ గుర్తించడానికి 1909 వరకు పట్టింది. ఐరిష్ శాఖను ఫ్రాన్సెస్ థెరిసా బాల్ నెలకొల్పారు. ఆ శాఖ నుంచి డెల్ఫిన్ హార్ట్ నాయకత్వంలో బయలుదేరిన యువ సిస్టర్లు 1841 డిసెంబరు చివర కలకత్తాలో దిగి, మరుసటి ఏడాది లొరెటో హౌస్‌ను తెరిచారు.

ఈ సంస్థల ప్రధానోపాధ్యాయురాళ్లలో లోకమంతా ఎరిగిన పేరు ఒకటుంది. కలకత్తాలోనే ఎంటాలీ ప్రాంతంలోని లొరెటో ఆవరణలో బెంగాలీ మాధ్యమంలో నడిచే సెయింట్ మేరీస్ పాఠశాలలో మదర్ థెరిసా ఏళ్ల తరబడి పాఠాలు చెప్పి, 1944లో దాని బాధ్యతలు స్వీకరించారు. బడి గోడ అవతలే మోతీఝీల్ అనే పేదల బస్తీ ఉన్నా, నాటి నియమాల ప్రకారం సిస్టర్లు స్వేచ్ఛగా బయటికి వెళ్లే వీలు లేదు. బస్తీలో పనిచేయడానికి ఆమె రోమ్ అనుమతి పొంది, 1948లో లొరెటోనే విడిచిపెట్టవలసి వచ్చింది. కాథలిక్ చర్చి పెద్దలు చర్చి పద్ధతులను సమీక్షించిన 1962–65 వాటికన్ మహాసభ తర్వాత సన్యాసినుల నియమాలు సడలాయి. సియాల్దాలో తర్వాత జరిగిన దానికి అక్కడి ప్రిన్సిపాల్ సిస్టర్ సిరిల్ మూనీ తెగువతో పాటు ఈ మార్పు కూడా కారణమన్నది నా అభిప్రాయం. వ్యక్తిని కీర్తించే వ్యాసాల్లో ఇది తరచూ మరుగున పడుతుంది.

ఐర్లండులోని బ్రే పట్టణంలో పుట్టి 1956లో భారతదేశానికి వచ్చిన సిస్టర్ సిరిల్ మూనీ 1979లో సియాల్దా బడి ప్రిన్సిపాల్ అయ్యారు. జంతుశాస్త్రంలో డాక్టరేట్ ఉన్న ఆమె ఫీజు కట్టలేని పిల్లలను విడిగా మరో బడిలో కూర్చోబెట్టకుండా అదే తరగతుల్లో చేర్చుకుంటూ పోయారు. క్రమంగా దాదాపు 1,400 మందిలో సగం మంది ఫీజు లేకుండా చదివే స్థితి వచ్చింది. పేదపిల్లలకు పాతిక శాతం సీట్లు కేటాయించాలన్న విద్యాహక్కు చట్టం 2009 నాటిది, పైగా అది లొరెటో లాంటి మైనారిటీ విద్యాసంస్థలకు వర్తించదని 2014లో సుప్రీంకోర్టు తేల్చింది. ఏ చట్టమూ అడగకముందే ఈ బడి అంతకు రెట్టింపు చేసి చూపించింది.

1985లో మొదలైన రెయిన్‌బో పథకం ఇంకో అడుగు ముందుకు వేసింది. వీధుల్లో, స్టేషన్ పరిసరాల్లో బతికే బాలికలు ఎప్పుడు వచ్చినా చదువుకునే ఏర్పాటు చేశారు. తర్వాత వారికి బడి పైభాగంలోనే బస కల్పించారు. వారికి ఒక్కొక్కరి పక్కన కూర్చొని చదువు నేర్పే పనిని పై తరగతుల విద్యార్థినులకు అప్పగించి, దాన్ని పాఠ్యప్రణాళికలోని పని అనుభవం పీరియడ్లలో భాగం చేశారు. సేవ ఇక్కడ ఎవరి దయకో వదిలేసిన వ్యాపకం కాదు, టైంటేబుల్‌లో ఉన్న పాఠం. గ్రామీణ బడులకు వెళ్లి బోధించడం, ఇటుక బట్టీల దగ్గరి పిల్లలకు చదువు, ఇళ్లలో పనికి కుదిరిన బాలలను గుర్తించడం వంటివీ ఈ బడి పనుల్లో చేరాయి. సిస్టర్ సిరిల్‌కు 1994లో అక్షరాస్యత కృషికి ఇచ్చే యునెస్కో నోమా బహుమతి, 2007లో పద్మశ్రీ వచ్చాయి.

తన పిల్ల చదువుకోవలసిన సమయం మరొకరికి నేర్పడంలో పోతుందని బెంగపడే తల్లిదండ్రులు ఎప్పుడూ ఉంటారు, ఆ బెంగను తేలిగ్గా కొట్టిపారేయలేము. అయినా నేర్పేటప్పుడే పాఠం గట్టిపడుతుందని పంతుళ్లందరికీ తెలుసు. ఇంతకన్నా నాకు గట్టిగా తోచే అభ్యంతరం వేరు: కలిగినింటి పిల్ల పేదపిల్లను ఎప్పుడూ సాయం పొందే మనిషిగానే చూసే ప్రమాదం ఈ పద్ధతిలో ఉంది. తన పక్క బెంచీలో కూర్చున్న సహాధ్యాయినుల్లోనే సగం మంది ఫీజు లేకుండా చదువుతున్నప్పుడు ఆ ప్రమాదం చాలావరకు తగ్గుతుంది. అందుకే రెయిన్‌బో కన్నా తరగతి గదిలోని ఆ సగం పాలే ఈ బడి అసలు విజయమని నేననుకుంటాను. సిస్టర్ సిరిల్ 2011 వరకు, అంటే 32 ఏళ్లు, ఆ కుర్చీలో ఉండడం ఇంకొక చిక్కు. అంత కాలం ఒక్కరి ఊహ మీద నడిచిన సంస్థలో వారసులకు పోలిక తప్పదు, స్వతంత్రంగా మార్పు చేయడమూ కష్టమే. ఆమె 2023లో కన్నుమూశారు.

పద్ధతి మాత్రం బడి దాటి వెళ్లింది. హైదరాబాదులో ప్రభుత్వ పాఠశాల భవనాల్లోనే వీధి బాలికలకు వసతి కల్పించే, అమన్ వేదిక అనే స్వచ్ఛంద సంస్థ నడిపే రెయిన్‌బో హోమ్స్‌కు ప్రేరణ సియాల్దాయే. మొదటి నుంచి డబ్బున్న సంస్థ తన మేడ మీద చేసిన పని కన్నా, సర్కారు బడిలో ఖాళీగా ఉన్న గదులను వాడుకోవడం ఇంకా ఎక్కువ చోట్ల సాధ్యమవుతుంది.

ఇక సీటు కోసం వెళ్లే తల్లిదండ్రులకు నా సలహా: పదో తరగతి ఫలితాలు అడగండి, కానీ ఈ ఏడాది ఫీజు లేకుండా చదువుతున్నవారి వాటా ఎంతో, పై తరగతుల టైంటేబుల్‌లో బోధన పీరియడ్లు ఇప్పటికీ ఉన్నాయో లేదో కూడా ప్రిన్సిపాల్‌నే నేరుగా అడగండి. ఆ రెండు జవాబులూ తృప్తికరంగా ఉంటే మా ఇంటి పిల్లనైతే నిస్సంకోచంగా చేర్పిస్తాను.