వార్డు వీధికి ఏది మేలు: సీసీనా, తారా, పేవర్ బ్లాకులా?

మున్సిపల్ కౌన్సిల్ ఎజెండాలో "ఫలానా వార్డులో ఫలానా ఇంటి నుంచి ఫలానా ఇంటి వరకు సీసీ రోడ్డు నిర్మాణం" అన్న వరస లేని సమావేశం అరుదు. సీసీయే ఎందుకని అడిగేవాళ్లు అంతకన్నా అరుదు. సిమెంటు రోడ్డు గట్టిది, ఒకసారి వేస్తే ఇక చూసుకోనక్కర్లేదన్నది ప్రజల నమ్మకం, కౌన్సిలర్ల నమ్మకం కూడా. గట్టిదన్న మాటలో అబద్ధం లేదు. అయితే ఇళ్ల మధ్య వీధి రోడ్డు బండ్ల బరువుతో చెడేది తక్కువ. దాన్ని చెడగొట్టేవి ముఖ్యంగా రెండు: తవ్వకాలు, నీళ్లు. ఏ రోడ్డు మేలో తేల్చాలంటే ఆ రెండింటికీ ఏది ఎలా తట్టుకుంటుందో చూడాలి.

లెక్క కోసం 100 మీటర్ల పొడవు, 4 మీటర్ల వెడల్పు ఉన్న వీధిని తీసుకుందాం. అంటే 400 చదరపు మీటర్లు. రెండు వైపులా ఇళ్లు, ఒక పక్క మురుగు కాలువ, చెత్త ఆటో రోజూ వస్తుంది, వేసవిలో నీళ్ల ట్యాంకర్ కూడా తిరుగుతుంది.

ముందు అడగాల్సింది: కింద పైపులన్నీ పడ్డాయా?

2021 అక్టోబరులో మొదలైన అమృత్ 2.0 పథకం పట్టణాల్లో ప్రతి ఇంటికీ కుళాయి ఇవ్వాలని లక్ష్యం పెట్టుకుంది. పైపులైను పడాలంటే వీధి తవ్వాలి. భూగర్భ డ్రైనేజీ ఇంకా రాని పట్టణాలు మన రెండు రాష్ట్రాల్లో చాలా ఉన్నాయి. అది వచ్చిన రోజు వీధి మధ్యలో లోతుగా తవ్వుతారు. ఇవి కాక ఇంటర్నెట్ కేబుళ్లు, కొన్ని ఊళ్లలో గ్యాస్ పైపులు. అసలు చిక్కు మెయిన్ పైపుతో కూడా కాదు. పైపు వీధికి ఒక పక్కనే ఉంటుంది కాబట్టి, ఎదుటి పక్క ఇంటికి కనెక్షన్ ఇచ్చిన ప్రతిసారీ రోడ్డును అడ్డంగా కోయాలి. ఎదుటి వరసలో పది ఇళ్లుంటే పది కోతలు.

సీసీ రోడ్డును సరిగ్గా కోయాలంటే కట్టర్ మెషీన్‌తో రెండు గీతలు గీసి, ఆ మధ్య భాగాన్నే బ్రేకర్‌తో తీయాలి. పైపు వేశాక మట్టిని 15 సెంటీమీటర్ల పొరలుగా పోసి, ఒక్కో పొరా తడిపి దిమ్మిస కొట్టి, పైన రోడ్డుకు వాడిన గ్రేడు కాంక్రీటే పోయాలి. జరిగేది వేరు. గీత గీయకుండానే బ్రేకర్ దించుతారు, అంచులు వంకరటింకరగా పగులుతాయి. తవ్విన మట్టినే ఒక్కసారిగా గుంటలోకి తోసి, పైన రెండంగుళాల సిమెంటు పూత పూస్తారు. మొదటి వానకే మట్టి కుంగుతుంది, పూత విరుగుతుంది. చుట్టుపక్కల కాంక్రీటు పలకల కింద ఖాళీ ఏర్పడి, వాటి మూలలూ విరగడం మొదలవుతుంది.

పేవర్ బ్లాకులైతే గడ్డపారతో ఒక వరస లేపి, మిగతావి చేత్తో తీసి పక్కన పేర్చుకుంటారు. పని అయ్యాక గుంట పూడ్చి, ఇసుక సర్ది, అవే బ్లాకులు మళ్లీ పరుస్తారు. విరిగేవి కొన్నే. గుంట పూడ్చడంలో అశ్రద్ధ ఇక్కడా ఉంటుంది, ఇక్కడా కుంగుతుంది. కానీ కుంగిన చోట ఒక మేస్త్రీ, ఇద్దరు కూలీలు ఒక్క పూటలో లేపి సరిచేయగలరు. అందుకే పైపుల పని మిగిలి ఉన్న వీధికి సీసీ వేయడం డబ్బును మట్టిలో పోయడమేనని గట్టిగా చెప్పాలి. కౌన్సిల్‌లో పని మంజూరు చేసేముందే నీటి సరఫరా విభాగం నుంచి "ఈ వీధిలో ఇక పని లేదు" అన్న మాట రాతపూర్వకంగా తీసుకోవాలి.

సీసీయే వేయక తప్పదంటే ఒక జాగ్రత్త ఉంది. కాంక్రీటు పోయకముందే ప్రతి రెండు ఇళ్లకు ఒకటి చొప్పున 110 ఎంఎం పీవీసీ పైపును రోడ్డుకు అడ్డంగా పాతిపెట్టి, రెండు చివరలా మూత బిగించాలి. తర్వాత వచ్చే కుళాయి పైపైనా, కేబులైనా అందులోంచి దూర్చుకోవచ్చు. పది అడ్డ కోతలు తప్పించే ఈ చిన్న ఖర్చు ఎస్టిమేట్లలో కనిపించకపోవడం బాధాకరం.

సీసీ రోడ్డు: మంచిదే, ఓపిక కావాలి

మన వీధికి 150 ఎంఎం మందంతో 60 ఘనపు మీటర్ల కాంక్రీటు పడుతుంది. రెడీమిక్స్ అయితే ఆరు ఘనపు మీటర్ల లారీలు పది. తక్కువ రద్దీ సిమెంటు రోడ్లకు ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకం ఐఆర్‌సీ ఎస్పీ 62 చెప్పేది ఎం30 గ్రేడు కాంక్రీటు (అంకె దాని బలాన్ని చెబుతుంది). ఘనపు మీటరుకు ఏడెనిమిది బస్తాల సిమెంటు వేసుకుంటే 420 నుంచి 480 బస్తాలు. అడుగున గ్రావెల్ లేదా జీఎస్‌బీ (అడుగు పొరకు వాడే కంకర మిశ్రమం) పరిచి రోలర్ తిప్పాలి, దానిమీద పాలిథిన్ షీటు వేయాలి. షీటు లేకపోతే కాంక్రీటులోని నీటిని కింది పొర పీల్చేస్తుంది. పైగా పలక అడుగు పొరకు పట్టేసుకుని, కుంచించుకునేటప్పుడు కదల్లేక చీలుతుంది.

జాయింట్లే, అంటే కాంక్రీటు మనం చెప్పిన చోటే పగిలేలా ముందే కోసే గీతలే, సీసీ రోడ్డుకు ప్రాణం. నాలుగు మీటర్లకు ఒకటి చొప్పున 100 మీటర్లకు 24 అడ్డ జాయింట్లు వస్తాయి. వాటిని పలక మందంలో మూడో వంతు నుంచి నాలుగో వంతు లోతున, అంటే 40 నుంచి 50 ఎంఎం, కట్టర్‌తో కోయాలి. ఎప్పుడు కోస్తారన్నది ఇంకా ముఖ్యం. కాంక్రీటు బ్లేడుకు రాలిపోనంత గట్టిపడగానే కోయాలి. మే నెల ఎండలో పొద్దున పోసిన కాంక్రీటుకు ఆ సాయంత్రమో రాత్రో కోత పడాలి. మర్నాడు తీరిగ్గా మెషీన్ తెచ్చేసరికి కాంక్రీటు తనకు తోచిన చోట పగిలి ఉంటుంది. కొత్త సీసీ మీద వారంలోనే అడ్డంగా పాకే చీలికల్లో చాలావాటికి కారణం ఇదే, సిమెంటు తక్కువ వేయడం కాదు.

రెండో తప్పు నీళ్లు. లారీ దగ్గర పైపు పట్టుకుని "ఇంకాస్త పల్చగా చేయండి" అనే మేస్త్రీ ప్రతి సైటులోనూ ఉంటాడు. పల్చబడితే పరచడం తేలికే, కానీ బలం పడిపోతుంది. పైకి తేలిన సిమెంటు పాలు ఎండి, ఆర్నెల్లలో పొడిగా లేస్తాయి. రోడ్డంతా దుమ్ము, కంకర పళ్లు బయటపడతాయి.

ఇక క్యూరింగ్. పోసిన మొదటి రోజు తడి గోనెపట్టాలు, ఆపైన మట్టి కట్టలు కట్టి 14 రోజులు నీళ్లు నిలపాలి. బరువు బండ్లు 28 రోజులు రాకూడదు. ఒకే దారి ఉన్న సందులో ఇది నిజంగా కష్టం. ఆటో రాకపోతే ముసలివాళ్లు ఆసుపత్రికి ఎలా వెళ్తారని జనం అడగడంలో న్యాయముంది. అలాంటి చోట సగం వెడల్పు ముందు, సగం తర్వాత పోయాలి. అలా పోయలేమనుకుంటే సీసీ ఆలోచనే మానుకోవాలి.

నంద్యాల, ఆదోని లాంటి నల్లరేగడి ఊళ్లలో ఇంకో సంగతి. ఆ మట్టి వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుంటుంది. పైపొర తీసేసి గ్రావెల్ నింపకుండా సీసీ పోస్తే పలక నిలువునా చీలుతుంది.

పేవర్ బ్లాకులు: అంచు, ఇసుక, మందం

200×100 ఎంఎం బ్లాకులు చదరపు మీటరుకు 50 చొప్పున మన వీధికి 20,000. మందం దగ్గరే తప్పటడుగు పడుతుంది. 60 ఎంఎం బ్లాకులు ఫుట్‌పాత్‌కు, పార్కుకు, ద్విచక్ర వాహనాలకు సరిపోతాయి. 5,000 లీటర్ల ట్యాంకర్ అంటే ఐదు టన్నుల నీళ్లు, బండి బరువు వేరే. అది వచ్చే వీధికి 80 ఎంఎం కావాలి. బ్లాకు తీసుకుని తూస్తే తేడా చేతికే తెలుస్తుంది: పైన చెప్పిన కొలతలో 80 ఎంఎం బ్లాకు సుమారు 3.8 కిలోలు, 60 ఎంఎంది 2.9 కిలోలు. పేవర్ బ్లాకుల భారతీయ ప్రమాణం ఐఎస్ 15658 ప్రకారం అవి నీరు పీల్చడం సగటున 6 శాతం దాటకూడదు. ఎండిన బ్లాకును తూచి, 24 గంటలు నీళ్లలో నానబెట్టి మళ్లీ తూస్తే, అధికారిక పరీక్ష కాకపోయినా, నాణ్యత మీద ఒక అంచనా వస్తుంది.

బ్లాకుల కింద 30 ఎంఎం ఇసుక పరుపు, అంటే 12 ఘనపు మీటర్లు. ఇసుక ఖరీదని క్రషర్ డస్ట్ పరిచేస్తుంటారు. మెత్తటి డస్ట్ నీళ్లు పట్టి ఉంచుకుంటుంది, వానాకాలం బండి ఎక్కగానే బురదై సందుల్లోంచి పైకి చిమ్ముతుంది. ముతక ఇసుకే వాడాలి. పరిచాక ప్లేట్ కంపాక్టర్ (అదురుతూ అణచే యంత్రం) తిప్పి, 2 నుంచి 4 ఎంఎం సందుల్లో సన్న ఇసుక ఊడ్చి నింపి, మళ్లీ కంపాక్టర్ తిప్పాలి. ఈ రెండో విడత ఎగ్గొడితే ఏ బ్లాకుకు ఆ బ్లాకే ఊగుతుంది.

అంచు కట్టకపోతే మాత్రం ఎంత మంచి బ్లాకులైనా నిలవవు. రెండు పక్కలా కాంక్రీటు కర్బ్ ఉండాలి. కాలువ గోడే అంచు అనుకుంటారు గానీ, ఆ గోడలో బీట ఉంటే పరుపు ఇసుక కొంచెం కొంచెంగా కాలువలోకి జారిపోతుంది. పందికొక్కులు దూరేదీ అక్కడే. ఒక పక్క వరసగా కుంగిన పేవర్ వీధి కనిపిస్తే ముందు చూడాల్సింది కాలువ గోడను.

పేవర్లు వేస్తే వాన నీరు భూమిలో ఇంకుతుందన్న ప్రచారం నమ్మి మాత్రం వీటిని ఎంచుకోవద్దు. మామూలు పేవర్ల సందులు కొద్ది నెలల్లోనే మట్టితో పూడిపోతాయి. నీరు ఇంకాలంటే అడుగంతా ఒకే సైజు కంకరతో ప్రత్యేకంగా కట్టాలి. వీధి పేవర్లకు కూడా వాలు, కాలువ రెండూ కావాల్సిందే.

తారు రోడ్డు: సందుకు వద్దు

తారుకు, సందుకు పొసగదు. 30 ఎంఎం తారు పొర మన వీధికి 28 టన్నుల దాకా వస్తుంది, రెండు మూడు టిప్పర్లు. ఇంత చిన్న పనికి ప్లాంటు నడపడం గిట్టదు కాబట్టి, వేరే పెద్ద పనిలో మిగిలిన మాల్ వస్తుంది. వీజీ 30 రకం తారు మిశ్రమం పరిచే సమయానికి కనీసం 140 డిగ్రీల వేడి ఉండాలి. ఇరుకు సందులో ఫినిషర్ (తారు పరిచే యంత్రం) తిరగదు, పారలతో పరిచేసరికి చల్లారుతుంది, ఇక రోలర్ ఎన్నిసార్లు తిప్పినా దగ్గరపడదు. దానికి తోడు ఇంటి వాకిలి కడిగిన నీళ్లు, పొంగిన కాలువ. నిలిచిన నీరు కంకర నుంచి తారును విడదీస్తుంది. మెకానిక్ షెడ్డు ముందు డీజిల్ చుక్కలు తారును కరిగిస్తాయి.

వెడల్పైన రోడ్లకు, వార్డులను కలిపే రోడ్లకు, బస్సులు తిరిగే చోట తారే మేలు. మర్నాటికి రాకపోకలు మొదలవుతాయి, మొదటి ఖర్చు తక్కువ, పైపొర పాడైతే దానిమీద ఇంకో పొర. కాలువలు మాత్రం ముందే ఉండాలి.

రోడ్డు మట్టం, ఇంటి గడప

ఈ పోలికలో ఎవరూ ఎత్తని విషయం ఎత్తు. పాత సీసీ మీదే కొత్త సీసీ పోస్తూ పోతే ఒక్కోసారి 10 నుంచి 15 సెంటీమీటర్లు పెరుగుతుంది. రెండుసార్లకు పాత పెంకుటింటి గడప రోడ్డు కిందికి వెళ్తుంది, వాన నీరు వంటింట్లోకి వస్తుంది. పేదవాడి ఇల్లే ముందు మునుగుతుంది, ఎందుకంటే అది పాతది, పల్లంలోది. ఎస్టిమేటు వేసేముందు లెవెల్ మెషీన్ పెట్టి ప్రతి గడప మట్టం రాసుకోవాలి. అవసరమైతే పాత సీసీని పగలగొట్టడం కూడా ఎస్టిమేటులో చేర్చాలి. ఆ ముక్కలను నలగ్గొట్టి అడుగు పొరకు వాడుకోవచ్చు. పేవర్లకు ఇక్కడా ఒక అనుకూలత ఉంది: లేపి, అడుగు చెక్కి, అదే మట్టంలో మళ్లీ పరచవచ్చు.

కాలువ వాలు కూడా అప్పుడే తేలాలి. 200కు 1 వాలు అంటే 100 మీటర్లకు అర మీటరు దిగాలి. భీమవరం, గుడివాడ లాంటి బల్లపరుపు డెల్టా ఊళ్లలో అంత దిగుడు దొరకదు. అక్కడ రోడ్డు రకం కన్నా ముందు, కాలువ చివర నీరు ఎక్కడికి పోతుందో తేల్చుకోవాలి.

మరి మన వీధికి?

పైపుల పని మిగిలి ఉంటే 80 ఎంఎం పేవర్లు. పైపులు, భూగర్భ డ్రైనేజీ అన్నీ పూర్తయి, కాలువలు సరిగ్గా ఉండి, నెల రోజులు దారి మూయగలిగితే సీసీ. ట్యాంకర్లు, ఇటుక లారీలు తరచూ మలుపు తిరిగే మూల ఉంటే ఆ మూల మటుకు సీసీ పోసి, మిగతా వీధికి పేవర్లు వేయొచ్చు. చక్రం తిరిగే చోటే బ్లాకులు జరుగుతాయి కాబట్టి ఈ కలగలుపు బాగా పనిచేస్తుంది. పేవర్ల పనిలో నూటికి మూడు నాలుగు బ్లాకులు అదనంగా కొని వార్డు ఆఫీసులో ఉంచమని టెండరులోనే రాయాలి. ఐదేళ్ల తర్వాత అదే అచ్చు, అదే రంగు దొరక్కపోవచ్చు.

పని నడుస్తుండగా వీధివాళ్లు చూడాల్సినవి కొన్ని ఉన్నాయి. సీసీ అయితే బలం పరీక్షకు 15 సెంటీమీటర్ల కాంక్రీటు క్యూబులు పోస్తున్నారా, వాటి మీద తేదీ రాస్తున్నారా అడగండి. ఎం30కి 28 రోజుల బలం చదరపు మిల్లీమీటరుకు 30 న్యూటన్లు రావాలి. కాంక్రీటు పోయడానికి పక్కన నిలబెట్టే షట్టరింగు చానల్ లోతు టేపుతో కొలవండి, పోశాక మందం తెలియాలంటే కోర్ (రోడ్డులోంచి కోసే గుండ్రటి ముక్క) తీయాల్సి వస్తుంది. సమాచార హక్కు చట్టం, 2005 కింద ఎస్టిమేటు, ఎంబుక్ (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) నకళ్లు అడగవచ్చు. పనిని స్వయంగా తనిఖీ చేయడానికీ, వాడిన సామగ్రి నమూనా ధ్రువీకరించి ఇమ్మనడానికీ ఆ చట్టంలోని 2(జె) సెక్షన్ హక్కు ఇస్తుంది. దరఖాస్తు పెట్టాల్సింది బిల్లు అయ్యాక కాదు, పని మొదలైన రోజే.