బెజవాడ ఇంట్లో స్కూబా సామాను: కొన్నేళ్ల వాడకం తర్వాత

విజయవాడకు దగ్గరి సముద్రం మచిలీపట్నం. దూరం 70 కిలోమీటర్లే అయినా, మంగినపూడి తీరంలో నల్లమన్ను కలిసిన లోతులేని నీళ్లు, వీపున గాలి సిలిండరుతో నీటి అడుగున తిరిగే స్కూబా డైవింగుకు పనికిరావు. కాబట్టి ఈ ఊళ్లో ఉంటూ డైవింగ్ అలవాటు చేసుకున్నవారు వీలు చిక్కినప్పుడల్లా పుదుచ్చేరికో, విశాఖకో, సెలవులు ఎక్కువ దొరికితే అండమాన్‌కో వెళ్లవలసిందే. మిగిలిన నెలలన్నీ సామాను ఇంట్లోనే ఉంటుంది. నా మాస్కు, ఫిన్నులు (కాళ్లకు తొడిగే తెడ్లు), రెగ్యులేటరు (సిలిండరులోని గాలిని నోటికి అందించేది), బీసీడీ (గాలి ఎక్కించి, వదిలి తేలడాన్ని సర్దుకునే జాకెట్టు), డైవ్ కంప్యూటరు సముద్రంలో గడిపిన కాలాన్ని గంటల్లో చెప్పవచ్చు. మా పడకగది మంచం కింద గడిపిన కాలాన్ని ఏళ్లలోనే చెప్పాలి. అందుకే వీటిని నేను రెండు విధాలుగా బేరీజు వేస్తాను. నీళ్లలో ఎలా పనిచేశాయన్నది ఒకటి, ఇంట్లో ఉన్నప్పుడు నాచేత ఎంత చాకిరీ చేయించుకున్నాయన్నది రెండోది. అమ్మే చోట మొదటి సంగతి చెప్పినంతగా రెండోది చెప్పరు.

శిక్షణ గురించి ముందు కొంత చెప్పక తప్పదు, ఎందుకంటే ఏ వస్తువు మంచిదో పోల్చుకునే చూపు అక్కడే అలవడుతుంది. నేను పుదుచ్చేరిలో డైవింగుకు తొలి మెట్టైన ఓపెన్ వాటర్ కోర్సు చేశాను. పాఠాలు, ఈతకొలనులో సాధన, ఆపైన సముద్రంలో నాలుగు డైవులు ఉంటాయి. పూర్తిచేసినవారు తోడు డైవరుతో కలిసి 18 మీటర్ల లోతు వరకు వెళ్లవచ్చు. 200 మీటర్లు ఆగకుండా ఈదగలమని, పది నిమిషాలు తేలి ఉండగలమని చూపించాలి. కృష్ణలో ఈత నేర్చుకున్నవాణ్ని కాబట్టి ఇవి నాకు కష్టం కాలేదు గాని, ఏటి ఈతలో చేతులకు పడిన అలవాటు వదలడానికి చాలా కాలం పట్టింది. స్కూబాలో చేతులను కట్టుకుని కాళ్లతోనే సాగాలి. చేతులు ఆడించినకొద్దీ ఆయాసం పెరిగి, సిలిండరులో గాలి తొందరగా అయిపోతుంది.

కొత్తవాళ్లను ఎక్కువగా బెదరగొట్టేది మాస్కులోకి నీళ్లు రావడం. పై అంచును నుదుటికి అదిమి, తల కొంచెం పైకెత్తి, ముక్కుతో నిదానంగా గాలి వదిలితే ఆ నీళ్లు కింది అంచు నుంచి బయటకు పోతాయి. చెప్పడానికి ఇంతే, కానీ ముక్కుకు నీళ్లు తగులుతున్నా నోటితోనే ఊపిరి తీయడానికి మనసు ఒప్పుకోదు. దీనికి సముద్రం అక్కర్లేదు. పక్కన ఒకరుండగా, పెద్ద టబ్బులో నీళ్లు నింపి, మాస్కు లేకుండా ముఖం ముంచి, స్నార్కెల్‌తో (నోట్లో పెట్టుకుని పై కొసను నీటిపైన ఉంచే గొట్టం) కొద్దిసేపు ఊపిరి తీస్తే చాలు. కోర్సుకు వెళ్లేముందు నేను ఇంట్లో రోజూ ఇది చేశాను. మా వాళ్లు నవ్వుకున్నారు గాని, కోర్సు మొత్తానికి నాకు అక్కరకొచ్చిన ముందస్తు సాధన ఇదొక్కటే. చెవుల సంగతికి మాత్రం ఇంటి సాధన లేదు. పది మీటర్లు దిగితే నీటి ఒత్తిడి ఒక వాతావరణ పీడనం మేరకు పెరుగుతుంది కాబట్టి, మొదటి మీటరు నుంచే ముక్కు మూసి మెల్లగా గాలి ఒత్తుతూ చెవులను సర్దుకోవాలి. నొప్పి పుడితే దిగడం ఆపి కాస్త పైకి రావాలి. పడిశం పట్టిన రోజున ఎంత దూరం నుంచి వచ్చినా డైవు మానుకోవడమే మంచిది.

నా వస్తువుల్లో పెట్టిన డబ్బుకు అన్నిటికంటే ఎక్కువ ఫలితం ఇచ్చినది మాస్కు. పట్టీ తగిలించకుండా ముఖానికి ఆనించి, ముక్కుతో కొంచెం గాలి పీల్చినప్పుడు చేయి వదిలినా ఊడిపడకుండా అతుక్కుని ఉంటే, అది మన ముఖానికి సరిపోయినట్టే. ఖరీదుకు, ఈ అతుకుకు సంబంధం లేదు. మనవాళ్లకు ఇక్కడొక చిక్కుంది. మీసం ముక్కు కిందివరకు దట్టంగా ఉంటే సిలికాన్ అంచు చర్మానికి ఆనదు, నీళ్లు ఆగకుండా ఊరుతూనే ఉంటాయి. మీసం తీసేయనక్కర్లేదు, ముక్కును ఆనుకుని ఉన్న వెంట్రుకలను సన్నని గీత మేరకు కత్తిరిస్తే సరిపోతుంది. నేను ప్రయాణానికి ముందు రోజు చేసే పనుల్లో అదొకటి. కళ్లద్దాలవాళ్లకు పవరు అద్దాలు బిగించుకునే మాస్కులు దొరుకుతాయి. నాది అలాంటిదే. నీటిలో వస్తువులు ఎలాగూ కొంచెం పెద్దవిగా, దగ్గరగా కనిపిస్తాయి కాబట్టి పవరు ఖచ్చితంగా కుదరకపోయినా ఇబ్బంది రాలేదు. కొత్త మాస్కు అద్దం లోపలివైపు తయారీలో మిగిలిన సన్నని పొర ఉంటుంది. దాన్ని మామూలు తెల్ల టూత్‌పేస్టుతో వేలితో రెండు మూడుసార్లు రుద్ది కడిగితే తప్ప ఆవిరి పట్టడం ఆగదు. ఆ తర్వాత ప్రతి డైవుకు ముందు ఒక చుక్క బేబీ షాంపూ రాసి కడుగుతాను. తెల్లని సిలికాన్‌ను నల్ల రబ్బరుకు తగిలేలా సంచిలో పెడితే మరక పడుతుంది, అది మళ్లీ పోదు.

ఫిన్నుల గురించి చెప్పవలసింది తక్కువ. నావి మడమ దగ్గర తెరిచి ఉండే రకం, కాలికి బూటీలు తొడుక్కుని వేసుకోవాలి. వాటితో వచ్చిన రబ్బరు పట్టీలు మన వేసవి వేడికి రెండేళ్లలోనే పగుళ్లిచ్చాయి. వాటి స్థానంలో స్ప్రింగు పట్టీలు వేశాక ఆ బెడద తప్పింది, తొడుక్కోవడం కూడా తేలికైంది.

సామాను కూర్చడం దగ్గర ఆగి మాట్లాడాలి. పడవ ఊగుతుండగా, పక్కన నలుగురు తొందరపెడుతుండగా చేసే పని ఇది. చేతులకు క్రమం అలవాటై ఉంటేనే పొరపాట్లు దొర్లవు. బీసీడీని సిలిండరుకు బిగించే పట్టీని ముందుగా తడపాలి, పొడిగా బిగిస్తే నీళ్లలోకి దిగాక సాగి సిలిండరు జారుతుంది. సిలిండరు మూతి దగ్గరి ఓరింగును (గాలి కారకుండా ఆపే రబ్బరు ఉంగరం) వేలితో తడిమి, పగులు గాని ఇసుక గాని లేదని చూసుకోవాలి. రెగ్యులేటరు బిగించేటప్పుడు నోట్లో పెట్టుకునే గొట్టం కుడి భుజం మీదుగా, బీసీడీకి గాలి ఎక్కించే గొట్టం ఎడమవైపు రావాలి. సిలిండరు ఒత్తిడిని చూపే గేజీ అద్దాన్ని ఎవరి ముఖం వైపూ లేకుండా తిప్పి, వాల్వును నెమ్మదిగా తెరవాలి. ఆ తర్వాత చాలామంది గేజీలో 200 బార్లు (బారు అంటే సుమారు ఒక వాతావరణ పీడనం) చూసి తృప్తిపడతారు. నాకు నేర్పిన శిక్షకుడు అక్కడ ఆగనిచ్చేవాడు కాదు. గేజీని చూస్తూ నాలుగైదు ఊపిర్లు గట్టిగా తీయమనేవాడు. ముల్లు కదలకుండా ఉంటే వాల్వు పూర్తిగా తెరిచి ఉన్నట్టు. ప్రతి ఊపిరికీ ముల్లు పడి మళ్లీ లేస్తుంటే వాల్వు సగమే తెరుచుకుందని అర్థం, అది పైన తెలియకపోయినా లోతుకు వెళ్లాక ఊపిరి అందకుండా చేస్తుంది. ఆ గాలికి నూనె వాసన గాని పొగ వాసన గాని ఉంటే ఆ సిలిండరు తిరిగి ఇచ్చేయాలి. బంధువులు ఎన్నిసార్లు ఆక్సిజన్ సిలిండరు అన్నా, అందులో ఉండేది మనం పీల్చే మామూలు గాలే, ఒత్తిడితో నింపినది.

ఆ గాలి ఎంతసేపు వస్తుందన్నది లోతును బట్టి ఉంటుంది. మామూలు అల్యూమినియం సిలిండరు లోపల పట్టే నీరు సుమారు 11 లీటర్లు. 200 బార్ల దగ్గర అందులో 2,200 లీటర్ల గాలి ఉంటుంది. ఉపరితలం మీద నిమిషానికి 20 లీటర్లు పీల్చే మనిషి 20 మీటర్ల లోతులో ఒత్తిడి మూడింతలు కాబట్టి 60 లీటర్లు వాడతాడు. 50 బార్లు నిల్వ ఉంచుకుని పైకి చేరాలి కాబట్టి ఆ లోతులో అరగంట కూడా రాదు. ఈ లెక్క తెలిశాకే, ఊపిరి నిదానంగా తీయడం ఎందుకు నేర్పుతారో నాకు బోధపడింది.

బీసీడీ విషయంలో నా అభిప్రాయం మిశ్రమంగా ఉంది. సొంతది అయితే ఏ బటన్ ఎక్కడుందో చేతికి తెలుస్తుంది, మునగడానికి నడుముకు సీసం బరువు ఎంత కట్టాలో ప్రతిసారీ వెతుక్కోనక్కర్లేదు. కొలనులో సరిపోయిన బరువు సముద్రంలో చాలదు. ఉప్పునీరు సుమారు రెండున్నర శాతం చిక్కన కాబట్టి నాకు రెండు కిలోలకు పైగా తేడా వస్తుంది. దానికి తోడు, నిండు సిలిండరులోని గాలి బరువే రెండున్నర కిలోలు దాటుతుంది. డైవు చివర సిలిండరు తేలికై మనిషిని పైకి లాగుతుంది గనుక ఆ మేరకు కూడా ముందే కలుపుకోవాలి. ఇక అసంతృప్తి, జాకెట్టులోకి గాలి ఎక్కించే ఇన్‌ఫ్లేటరు బటన్ గురించి. ఒక డైవులో అది నొక్కి వదిలాక వెనక్కి రాకుండా అతుక్కుపోయి, జాకెట్టులోకి గాలి తనంత తానే ఎక్కసాగింది. కొలనులో పదేపదే చేయించిన సాధన అప్పుడు పనికొచ్చింది. గొట్టం కొక్కెం వెనక్కి లాగి ఊడదీసి, ఎడమచేత్తో గాలి వదిలేశాను. విప్పి చూస్తే లోపల ఎండిన ఉప్పు. చాలా కేంద్రాల్లో సామాను ముంచే తొట్టి నీళ్లు ఉదయం మంచినీళ్లే అయినా, పదిమంది సామాను కడిగేసరికి మధ్యాహ్నానికి ఉప్పెక్కి ఉంటాయి. అప్పటి నుంచి అక్కడ కడిగినదాన్ని కడిగినట్టు లెక్కవేయడం మానేశాను.

ఇంటికి వచ్చాక కడగడానికి నేను మునిసిపల్ కుళాయిలో వచ్చే కృష్ణ నీళ్లే వాడతాను. మా బోరు నీళ్లు ఆరితే ప్రతి లోహపు భాగం మీద తెల్లటి సున్నపు చారలు మిగులుతాయి. బీసీడీ లోపలికి కూడా నీళ్లు పోసి, తిప్పి తిప్పి ఊపి, కింది వాల్వు నుంచి వంపేయాలి. మూడోసారికి గాని వచ్చే నీటిలో ఉప్పు రుచి పోదు. ఆరాక సగం గాలి నింపి ఉంచితే లోపలి పొరలు అతుక్కోవు. రెగ్యులేటరు సిలిండరుకు తగిలే చోటును మూసే దుమ్ముమూతను ముందు తుడిచి బిగించి, ఆ తర్వాతే నానబెట్టాలి. నానుతున్నప్పుడు నోటి భాగం మీద ఉండే, గాలిని నేరుగా వదిలే పర్జ్ బటన్ నొక్కకూడదు, నొక్కితే నీళ్లు గొట్టం గుండా సిలిండరుకు తగిలే భాగమైన ఫస్ట్ స్టేజి దాకా వెళ్తాయి. అటక మీద పెట్టడం మాత్రం వద్దు. మే నెలలో మన ఇళ్లలో కప్పు కింద ఉండే వేడికి సిలికాన్ పసుపెక్కుతుంది, రబ్బరు పెళుసెక్కుతుంది. నేలకు దగ్గరగా, ఎండ తగలని చోట, మడతలు లేకుండా ఉంచాలి. నోట్లో పెట్టుకునే భాగానికి గుడ్డసంచి కట్టడం మరవకూడదు. బొద్దింకలకు ఆ చీకటి బొరియ చాలా ఇష్టం.

రెగ్యులేటరు పనితీరులో నాకు లోపం కనిపించలేదు. ఫస్ట్ స్టేజి సిలిండరులోని ఒత్తిడిని, చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే సుమారు పది బార్లు ఎక్కువ స్థాయికి దించుతుంది, నోటి దగ్గరి సెకండ్ స్టేజి దాన్ని మనం పీల్చగలిగే స్థాయికి తెస్తుంది. ఊపిరి ఎంత తేలికగా అందుతుందంటే, అద్దె రెగ్యులేటరు నోట్లో పెట్టుకున్న రోజున తేడా వెంటనే తెలుస్తుంది. అయినా మన ఊరివాళ్లకు దీన్ని తొలి కొనుగోలుగా నేను సిఫారసు చేయను. ఏడాదికో రెండేళ్లకో సర్వీసు చేయించాలి, దానికి పార్సిలు పంపి వారాల తరబడి ఎదురుచూడాలి. పైగా ఇంట్లో గాలి నింపిన సిలిండరు లేకుండా, తిరిగి వచ్చిన రెగ్యులేటరు బాగుందో లేదో తేల్చుకోవడం కుదరదు. ఒకసారి సర్వీసు నుంచి వచ్చినది పడవ మీద సిలిండరుకు తగిలించగానే బుసకొట్టడం మొదలుపెట్టింది. ఆ ప్రయాణమంతా అద్దె రెగ్యులేటరుతోనే గడిచింది. ఇంట్లో చేయదగిన పరీక్ష ఒక్కటే ఉంది. దుమ్ముమూత బిగించి ఉంచి నోటితో గాలి పీల్చి చూడాలి. ఏమాత్రం గాలి రాకపోతే లోపలి పొర, వదిలే వాల్వు బాగున్నట్టు. వస్తే ఎక్కడో చిల్లు ఉన్నట్టు. ఫస్ట్ స్టేజి సంగతి దీనివల్ల తెలియదు.

డైవ్ కంప్యూటరు గురించి నాకు రెండో మాట లేదు. ఒకే బటన్ ఉన్న సాదా రకం, బ్యాటరీ నేనే మార్చుకుంటాను. లోతు, గడిచిన సమయం, ఆ లోతులో ఇంకా ఎంతసేపు ఉండవచ్చన్నది చూపుతుంది. వేగంగా పైకి వస్తే అరుస్తుంది. ఐదు మీటర్ల దగ్గర మూడు నిమిషాల సేఫ్టీ స్టాపును (పైకి వచ్చేముందు ఆగే విరామం) లెక్కపెడుతుంది. పైకి వచ్చాక అది చూపించే విమానం గుర్తును మనవాళ్లు ఇంకొంచెం విశాలంగా అర్థం చేసుకోవాలి. వరుసగా డైవులు చేశాక విమానం ఎక్కడానికి కనీసం 18 గంటలు ఆగాలన్నది అందరూ వింటారు. రైల్లో తిరిగి వస్తున్నాం కదా అని ధీమాగా ఉంటారు. కానీ ఎత్తుకు వెళ్లినప్పుడు గాలి ఒత్తిడి తగ్గడం కొండ మీదైనా ఒకటే. విశాఖలో ఉదయం డైవు చేసి సాయంత్రానికి అరకు చేరితే 900 మీటర్లకు అటూ ఇటూ ఎత్తులో ఉంటాం. పుదుచ్చేరి నుంచి వస్తూ తిరుపతిలో దిగి కొండెక్కితే తిరుమల కూడా 800 మీటర్ల పైనే. డైవులో శరీరంలో కరిగిన నైట్రోజన్ ఒత్తిడి తగ్గితే బుడగలు కడుతుంది, కాబట్టి అది ఇంకా బయటకు పోని స్థితిలో అంత ఎత్తుకు వెళ్లకూడదు. నేను దర్శనం టికెట్టు డైవులకు ముందు రోజులకే తీసుకుంటాను.

విమానంలో 15 కిలోల సామాను పరిమితి ఉన్నప్పుడు బీసీడీ, ఫిన్నులు, రెగ్యులేటరు కలిసి ఎనిమిది తొమ్మిది కిలోలు తినేస్తాయి. రెగ్యులేటరు, కంప్యూటరు చేతిసంచిలో పెట్టుకుంటాను, టార్చి బ్యాటరీలు ఎలాగూ అక్కడే ఉండాలి. ఇక కొనే వరుస అడిగితే, మొదట మాస్కు, తర్వాత కంప్యూటరు, తర్వాత బూటీలు, ఫిన్నులు; ఏడాదికి ఒక్క ప్రయాణమే చేసేవారు అక్కడితో ఆగిపోవచ్చు. ఏటా రెండు మూడు ప్రయాణాలు ఖాయమైనవారు బీసీడీ కొనవచ్చు, అదీ ప్రయాణాలకు వీలైన తేలిక రకం. రెగ్యులేటరు కొనేముందు మాత్రం, ఆ తయారీ విడిభాగాలు చెన్నైలోనో పుదుచ్చేరిలోనో ఎవరి దగ్గర దొరుకుతాయో, సర్వీసు అయ్యాక సిలిండరుకు తగిలించి చూపించి ఇస్తారో లేదో ఫోన్ చేసి కనుక్కోండి.