కింది పళ్ల సెట్టుకు రెండు ఇంప్లాంట్లు: ఐదేళ్ల తర్వాత

నేను కట్టుడు పళ్లు పెట్టుకుని 11 ఏళ్లయింది. మొదటి ఆరేళ్లు పైనా కిందా మామూలు సెట్టే. ఐదేళ్లుగా పైన మామూలుదే, కింద మాత్రం రెండు ఇంప్లాంట్ల మీద, అంటే దవడ ఎముకలో దించిన స్క్రూల మీద, బిగుసుకునేది.

పై సెట్టుతో నాకు పెద్ద పేచీ లేదు, అంగిలికి అతుక్కుని కూర్చుంటుంది. బాధంతా కింది దానితోనే. అది పట్టుకోవడానికి అక్కడ లాడంలాంటి సన్నటి చిగురు గట్టు తప్ప ఏమీ ఉండదు. నాలుక కదిపినా లేస్తుంది, ఆవలించినా లేస్తుంది. పైగా పళ్లు పోయాక ఎముక ఏటికేడు అరుగుతుంది, కింది దవడ మరీనూ. మొదట్లో సరిపోయిన సెట్టు నాలుగో ఏటికి నోట్లో ఊగడం మొదలుపెట్టింది. అంటించుకునే పేస్టు పొద్దున ఇడ్లీ వరకు పనిచేసేది, మధ్యాహ్నం చారన్నానికి జారిపోయేది. ఒకసారి పెళ్లి భోజనంలో అరిసె మీది నువ్వుగింజ ఒకటి సెట్టు కింద దూరింది. చెప్పులో రాయి నయం. రుమాలు అడ్డం పెట్టుకుని సెట్టు తీసి జేబులో వేసుకున్నాను. ఎవరైనా పలకరిస్తే తలూపడమే.

ఒక్క పన్నూ లేని కింది దవడకు రెండు ఇంప్లాంట్ల సెట్టే మొదటి ఎంపిక కావాలని 2002లోనే మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో కూడిన నిపుణులు చెప్పారు. నా మొదటి డాక్టరు ఆ మాటే ఎత్తలేదు. ఆ కోపం ఇంకా ఉంది.

నాకు షుగరు ఉంది కాబట్టి అది అదుపులోకి వచ్చాకే చేశారు. కోరపళ్ల చోట రెండు టైటానియం స్క్రూలు దించారు. నొప్పి పన్ను పీకించుకున్నంతే. ఎముక పట్టుకోవడానికి మూడు నెలలు ఆగాలి, ఆ మూడు నెలలే విసుగు. తర్వాత సెట్టు నొక్కితే 'టక్'మని కూర్చుంది. ఆ రోజు ములక్కాడ నమిలాను.

అలాగని సొంత పళ్లు తిరిగొచ్చినట్టేం కాదు. జామకాయ ఇప్పటికీ ముక్కలు కోసుకునే తింటాను. మెతుకులు అడుగున చేరడం తగ్గలేదు. రాత్రి సెట్టు తీసి, చిగురు పైకి గుండీల్లా కనిపించే ఇంప్లాంట్ల కొనల చుట్టూ మెత్తటి బ్రష్‌తో తోమాల్సిందే, లేకపోతే చిగురు వాస్తుంది. ఇంకో వింత, కిందిది గట్టిగా నిలబడ్డాక పైది వదులుగా అనిపించడం మొదలైంది. పైదానికీ ఇంప్లాంట్లు వేయించమన్నారు కానీ నేను ఒప్పుకోలేదు. డబ్బు ఒక కారణం, దానితో నాకు నడిచిపోవడం ఇంకో కారణం.

సెట్టు లోపల ఉండి ఆ గుండీలను పట్టుకునే నైలాన్ టోపీలు ఏడాదికోసారి అరుగుతున్నాయి. 'టక్' శబ్దం మెత్తబడిందంటే మార్చే వేళయిందన్నమాట. మూడో ఏడు నాకు చేసిన క్లినిక్ మూతపడింది. వేరే డాక్టరు దగ్గరికి వెళ్తే, మీవి ఏ కంపెనీవి, ఏ సైజు అని అడిగారు. నాకేం తెలుసు? సరైన టోపీలు దొరికేసరికి నెల పట్టింది, ఆ నెలంతా మళ్లీ పేస్టే. మీరు చేయించుకుంటే కంపెనీ, సైజు రాసి ఉండే ఇంప్లాంట్ కార్డు ఆ రోజే అడిగి తీసుకోండి. నాది ఇప్పుడు రేషన్ కార్డు కవర్లో ఉంది.